రెండూ కరెక్టేనంట

రెండూ కరెక్టేనంట మావా! ఇంటన్నావా? రెండూ కరెక్టేనంట! అలాటప్పుడు నేర్సుకోడం దేనికి? ఆ వన్ టౌన్ దాకా బస్సులో ఒంటికాలి మీద నిలబడి ఎల్లడం దేనికి? ఏదన్నా కరెక్టే అయితే నాను పుట్టినకాడ్నించి కరెక్టే మాటాడతన్నాను కదేటి!

ఉండు, కాళ్లు కడుక్కోనీ. లేదులే, తరవాత కడుక్కుంతాను. కడుపు రగిలిపోతంది. నువ్వు లెగక్కర్లేదు, ఆ వలకి ముడులేసుకుంటా కూకో. నీ నోటితో నాకు పని లేదు, సెవులిస్తే సాలు.

ఇంకోటి కూడా ఉంది. వొచ్చేటప్పుడు బస్సు దిగీకాడ మీ బోటు పెద్ద ఎల్లాజీ బావ కనపడ్డాడు. బోటులో నీ జాగా సంగతి ఎత్తేడు. అదిగో, అప్పుడే మొకం అటు తిప్పీకు! అది తరవాత సెప్తాను. ముందీ ఇంగ్లీసు కోపం దిగనీ. రెండూ ఒక్కసారి సెప్తే నానే తట్టుకోలేను.

నువ్వు ముందే అన్నావ్. హోటల్లో దుప్పట్లు మారిసీ పనికి ఇంగ్లీసెందుకే నూకాలూ అన్నావ్. నానిన్నానా? ఇన్లేదు. తలుపు కొట్టి గుడ్ మార్నింగ్ అనాల, రూమ్ క్లీన్ సెయ్యనా అనడగాల, అంతే కదా అనుకున్నాను. అంతవరకూ బాగానే వొచ్చీసింది. బాత్‌రూము, టవలు, దిండుగలేబు, అన్నీ ఇంగ్లీసులో సెప్పీగల్ను. ఇప్పుడు నిద్దట్లో లేపి అడుగు, సెప్తాను.

గానీ రేపు మేనేజరుగారొత్తాడంట. ఒక్కొక్కల్నీ పిలిసి, నీ గురించి సెప్పు, మీ ఇంటోళ్ల గురించి సెప్పు అంతాడంట. నచ్చితే ఉజ్జోగం, నచ్చకపోతే ఇంటికి. అందుకని ఇయాల పొద్దుట్నించి నీలిమ మేడం మా అందర్నీ కూకోబెట్టి ఒకటే దంచుడు. ఇప్పటి మాట ఎలాగనాల, అయిపోయిన మాట ఎలాగనాల.

ఆ పిల్ల మంచిదే మావా, నాకు కాదనడానికి లేదు. పెందుర్తి నించి వొత్తాది. నా కడుపున పుట్టాల్సిన వయసు. నన్ను నూకాలు గారూ అంతాది. మన యారాడలో నన్ను గారూ అన్నోలు ఎవలన్నా ఉన్నారా? ఆ మాట కోసమే సగం రోజులు ఎల్లేను, నిజం సెప్తన్నాను.

ఆ గది సూత్తే నువ్వు నవ్వుతావు. కింద పప్పుల హోల్‌సేల్ కొట్టు. మీద మేము. కింద కందిపప్పు బస్తాలు దించీవోలు, రేయ్ పట్రా, రేయ్ ఒగ్గీరా అని కేకలు. మీద మేము ఐ యామ్, యు ఆర్. మధ్యలో ఆ పప్పు దుమ్ము ముక్కులోకెల్లి అందరం తుమ్ములు. తుమ్మితే కూడా ఎక్స్‌క్యూజ్ మీ అనాలంట.

సరే, ఇను. రోజూ సేసీ పనైతే ఒకలాగ అనాలంట. సేసీసి అయిపోయిందైతే ఇంకోలాగ అనాలంట. ఐ కుక్ రైస్ అంటే రోజూ వొండుతాను. ఐ కుక్డ్ రైస్ అంటే వొండీసేను, అయిపోయింది. నాను ఊరుకున్నానా? మేడం, పొద్దున్న వొండిన మాట నిజమే, గానీ అన్నం ఇంకా గిన్నెలో ఉంది కదా, మా ఆయన మద్దేన్నం తింతాడు కదా, అయిపోయిందని ఎలాగంతాం? అన్నాను. అందరూ ఒకటే నవ్వు.

ఆ పిల్ల నవ్వలేదు. "అన్నం ఉంది నూకాలు గారూ, వండడం అయిపోయింది" అంది. అదీ నిజమే అనుకున్నాను.

తరవాత ఐ సెల్ ఫిష్. ఇది నా మాట, నా బతుకు. నానన్నాను, ఈ ట్రైనింగులో సేరినకాడ్నించి నాను తట్ట నెత్తినెట్టలేదు కదా మేడం, మల్కాపురం మార్కెట్లో నా సోటు కాళీగా ఉంది కదా, అలాటప్పుడు ఐ సోల్డ్ అనాలేమో? కాదంట. "మీరు మానెయ్యలేదు కదా, రేపు ఉద్యోగం రాకపోతే మళ్లీ అమ్ముతారు కదా, ఐ సెల్ అనొచ్చు" అంది.

అంటే ఏటి? ఇయాల సెయ్యకపోయినా పర్లేదు. నిన్న సెయ్యకపోయినా పర్లేదు. మానీసేను అని మనసులో అనుకోకపోతే సాలు. అప్పుడు నా బుర్రలో నువ్వు మెదిలేవు మావా. నా గురించి అడిగితే నీ గురించి మెదలడమేటో నాకూ తెలీదు.

అప్పుడడిగేను. ఎన్నాళ్లు సెయ్యకపోతే అది పాత మాటలోకి ఎల్లిపోద్ది మేడం? అని.

ఊరికే అడగలేదు. ఎందుకడిగేనో నీకూ తెలుసు.

బోర్డు మీద రాత్తన్న సెయ్యి ఆపింది పాపం. "అది ఇంగ్లీషు చెప్పదండీ. మీరే చెప్పాలి" అంది. సూసేవా! నాను దాన్నడిగితే అది నన్నడుగుతాది. అన్నీ నాకే ఒగ్గీడానికి ఇంక మేడమెందుకు, బోర్డెందుకు?

మన మాటే నయం, ఏటంతావ్? మా ఆయన సేపల ఏటకెల్తాడు అన్నాననుకో. రోజూ ఎల్తాడనుకోవొచ్చు, రేపెల్తాడనుకోవొచ్చు. ఇన్నోల్ల ఇష్టం. ఒక్క మాట ఎనకాల ఎంత పెద్ద మనిసైనా దాక్కోవొచ్చు. నువ్వు దాక్కోలేదేటి? ఎల్తాను అంతావ్. మొన్నా అదే, నిన్నా అదే. నానూ అంతే. మార్కెట్లో ఎవలడిగినా, ఎల్తాడమ్మా అనీదాన్ని. అబద్ధమూ కాదు, నిజమూ కాదు, నాకు సుకంగా ఉండీది.

ఆ దిక్కుమాలిన ఇంగ్లీసు అలాగ దాక్కోనీదు మావా. గోస్ అంటే రోజూ ఎల్తన్నట్టు. వెంట్ అంటే ఎల్లీవోడు, ఆ రోజులు అయిపోయినట్టు. మరి రేపెల్తాడు అనడానికో అంటే, దానికి ఏరే మాటుందంట. అది ఉజ్జోగం వొచ్చినోలకి వొచ్చేవారం సెప్తాదంట. మనకి గావాల్సింది ఎప్పుడూ వొచ్చేవారమే!

నవ్వుతన్నావా? నవ్వు. ఇంక కాసేపట్లో నవ్వవు.

భోజనాలయ్యేక ఒక్కొక్కల్నీ లెగమంది. మేనేజరుగారు తనే అన్నట్టు అడగడం, మేము సెప్పడం. నా వంతొచ్చింది. లెగిసేను. వాట్ ఈజ్ యువర్ నేమ్, సెప్పేను. వేర్ డూ యు లివ్, సెప్పేను. కొండ దాటితే మా ఊరు అని కూడా ఇంగ్లీసులోనే సెప్పేను, తప్పో ఒప్పో.

అప్పుడడిగింది. వాట్ డస్ యువర్ హస్బెండ్ డూ?

మై హస్బెండ్, అన్నాను. ఆగిపోయేను.

కింద బస్తాలోలు కూడా అప్పుడే ఊరుకున్నట్టు అనిపించింది. సివరి బెంచీలో మన దేవి ఉంది, ఎల్లాజీ బావ కోడలు. అది నా మొకం సూడకుండా తన గాజులు సూసుకుంతంది. దానికి తెలుసు కదా మరి. ఆ గదిలో మన ఊరిది అదొక్కర్తే, అదొక్కర్తికే తెలుసు.

మాటలు మర్సిపోయేననుకుంది మేడం. పాపం బోర్డు మీద రాసింది. గోస్ ఒక పక్క, వెంట్ ఒక పక్క. "భయపడకండి నూకాలు గారూ, రెండూ కరెక్టే. ఏది నిజమో అది చెప్పండి, అంతే" అంది.

అంతేనంట! ఏది నిజమో అది సెప్పాలంట! అంత సులువైతే ఇన్నాళ్లూ మన ఊరు ఊరంతా నోటికి తాళమేసుకుని ఎందుక్కూకుంది?

ఆ వల పక్కనెట్టు మావా. పక్కనెట్టి ఇను. ఇయాల సెప్పీత్తాను.

సివరాత్రికి ముందు బోటు దరికొచ్చేటప్పుడు అడ్డకెరటం కొట్టీసింది. బోటు బోల్తా పడిపోయింది. అందరూ పైకి తేలేరు, నువ్వు తేల్లేదు. నీ మీద వల, వల మీద బోటు. ఎల్లాజీ బావ ములిగి నీ జుట్టట్టుకుని లాగీసేడు. ఇసకలో బోర్లా పడీసి నీ ఈపు నొక్కుతంటే నీ నోట్లోంచి ఉప్పునీళ్లు. నాను తట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆ తట్ట ఎక్కడ పారీసేనో ఇప్పటికీ దొరకలేదు.

పక్కటెముకలు నొప్పన్నావ్. నిజమే, కమిలిపోయేయి. ఎవలు కాదన్నారు? నువ్వు ఇంట్లో పడుకున్నన్నాళ్లూ నీ వాటా పోగు ఇంటికొచ్చింది. బోటుకో పోగు, వలకో పోగు, ఎల్లిన మనిసికో పోగు. జబ్బుపడ్డోడికి కూడా ఇసకలో సేపలు పోగేసి పంపాల్సిందే. మీ నాన్న రోజుల్నించీ అదే కదా. ఒక్కడూ నోరెత్తలేదు.

నొప్పి తగ్గింది. ఈలోగా గవర్నమెంటోలు ఏట ఆపీసేరు. సేపలు గుడ్లెట్టీ కాలం, రెండు నెలలు ఎవలూ ఎల్లకూడదు. ఏటి సెప్పమంతావ్ మావా, ఆ రెండు నెలలూ నువ్వెంత బావున్నావో! అందరితో పాటు దరికాడ కూకున్నావ్. పేకాడేవ్. బోటుకి రంగేసేవ్. బోట్లకాడ సేపలు మోసీ నాగబాబు లేడా, ఆడి పెళ్లాం సీరకి ఆ నీలం రంగు అంటిచ్చీసి ఆ పిల్ల సేత తిట్లు తిన్నావ్. రాత్తిరి అన్నంకాడ ఆ సంగతి సెప్పి పొలమారీదాకా నవ్వేవ్. నా అప్పలరాజు నాకొచ్చీసేడు అనుకున్నాను.

పిచ్చిదాన్ని. అందరూ దరినే ఉన్నారు గాబట్టి నువ్వు బావున్నావని నాకు తట్టలేదు.

మళ్లీ ఏట తెరిసిన రోజు గంగమ్మకి కొబ్బరికాయలు కొట్టేరు. బోటుకి పసుపు రాసేరు. నువ్వు కూడా లుంగీ ఎగ్గట్టి, క్యారేజీ బోటులో ఎట్టీసి, అందరితో పాటు సెయ్యేసి తోసేవ్. హైలెస్సా అని నీ గొంతే అందరికంటే పెద్దగా ఇనపడింది. నాను గుమ్మంలోంచి ఇన్నాను.

నడుం లోతుకొచ్చీసరికి అందరూ ఎగిరి ఎక్కీసేరు. నువ్వు సెయ్యి తీసీసేవ్.

అంతే. బోటెల్లిపోయింది. నువ్వు నడుం లోతు నీళ్లలో నిలబడిపోయేవ్. నీ క్యారేజీ బోటుతో ఎల్లిపోయింది, నువ్వెల్లలేదు. ఆ సాయంత్రం బోటొచ్చేక నాగబాబు ఆ క్యారేజీ తెచ్చి గుమ్మంలో ఎట్టీసి ఎల్లిపోయేడు. ఇప్పి సూసేను. అన్నం అలాగే ఉంది. ఎవలూ ముట్టలేదు.

మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. ఇప్పటికీ అదే. రోజూ ఎల్తావ్, రోజూ తోత్తావ్, నడుం లోతు దాకా నీ అంత జాలరి ఈ దరిలో లేడు!

కోపమొచ్చిందా? రానీ.

మరెవలడిగేరు నిన్ను? ఎవలూ అడగరు. సంద్రంలోకి ఎల్లీ మనిసిని ఎల్తన్నావా, రావా, ఎప్పుడొత్తావ్ అనడక్కూడదు కదా, అడిగితే ఆ ఏటకి కీడు కదా. నాను కొత్తకోడల్నప్పుడు, ఎప్పుడొత్తావ్ మావా అని నోరు జారితే మీ అమ్మ పరిగెట్టుకొచ్చి నా నోరు మూసీసింది. సేతినిండా పిండి. ఆ పిండి నా పళ్లకి కూడా అంటుకుంది. ఆరోజు నించి నాను నిన్ను మరడగలేదు. బోటోలూ అడగరు. ఏటకి ముందు అడక్కూడదు. ఏట నించి వొచ్చేక నలుగురి మధ్యలో నీ మొకం సూసి అడగలేరు.

అడగరు సరే, నీ పోగు ఆపుతారా? ఆపలేరు. బోటు మీద సెయ్యేసి తోసినోడికి పోగు తియ్యాల్సిందే, మన దరి కట్టు అది. నువ్వు రోజూ సెయ్యేత్తన్నావ్. నీకు పోగు తియ్యక తప్పదు, నీకు పోగు తీత్తన్నన్నాళ్లూ నీ జాగాలో ఇంకొకడ్ని ఎక్కించకూడదు. ఒక మనిసి తక్కువతో ఎల్తన్నారు మావా. నిండు వల ఆ ఉన్నోళ్లే లాగుతన్నారు. ఎల్లాజీ బావకి ఆ వయసులో బుజం జారిపోయింది, నీకు తెలుసా? తెలుసు. తెలీనట్టు ఉంతావ్.

అందరూ నీ మీద మర్యాదే. ఆ మర్యాదే నిన్ను నడుం లోతులో నిలబెట్టీసింది. ఒక్కడన్నా బూతులు తిట్టి, రేయ్ ఎక్కుతావా మానుతావా అనుంటే ఎక్కీవోడివో, మానీసీవోడివో. ఏదో ఒకటయ్యీది!

ఇన్నాళ్లకి అడిగిందెవలు? పెందుర్తి పిల్ల. ఆదివారం పూట ఆర్.కె. బీచీలో మొక్కజొన్న పొత్తు తింటా సంద్రం సూసీ పిల్ల. దానికి ఏ కట్టూ తెలీదు, ఏ కీడూ తెలీదు. గోసా వెంటా అని అడిగీసింది. మన ఊరంతా కలిసి అడగలేని మాట.

నానేటన్నానో తెలుసా?

గోస్ అన్నాను.

మై హస్బెండ్ గోస్ ఫర్ ఫిషింగ్ ఎవ్రీ డే. ఎవ్రీ డే కూడా తగిలించేను, అడక్కపోయినా! వెరీ గుడ్ అంది. ఒక్క తప్పు లేదంది. అందరిసేతా సప్పట్లు కొట్టించింది. దేవి కూడా కొట్టింది మావా. తలకాయ దించుకునే కొట్టింది.

నాకెంత సిగ్గేసిందో నీకు తెలీదు. పచ్చి అబద్ధమాడితే వెరీ గుడ్డంట! ఆ పిల్లని ఏటనగల్ను? దానికి మాట సరిగ్గా ఉందో లేదో తెలుత్తాది గానీ, నా ఇంట్లో ఏటుందో ఎలాగ తెలుత్తాది? నీ మీద ఒళ్లుమండిపోయింది. నా మీద కూడా. బస్సులో సీటు దొరికినా కూకోబుద్ది కాలేదు. కొండ దాటగానే సంద్రం కనపడింది కదా, ఇటు పక్కకి తిరిగి నిలబడ్డాను. సూడలేదు దాన్ని.

ఇంతలో దిగీసరికి ఎల్లాజీ బావ. టీకొట్టుకాడ నిలబడ్డాడు. నా కోసమే. మామూలుగా నాను ఎదురొత్తే పక్కకి తప్పుకునీ మనిసి.

ముందు బుజం గురించి సెప్పేడు. తరవాత గాలి గురించి. తరవాత కవళ్ల సేపలు బాగా పడతన్నాయన్నాడు. నాను, ఊ బావా, ఊ బావా. టీ సల్లారిపోతంది సేతిలో. అప్పుడన్నాడు, అమ్మా, నాగబాబు వీరావల్ ఎల్లిపోతానంతన్నాడు, గుజరాత్ బోట్లలోకి. ఇక్కడ ఏ బోటులోనూ జాగా లేదంట. ఆ పెళ్లాం ఒకటే ఏడుపు, ఇప్పుడు దానికి ఐదో నెల, అన్నాడు.

అక్కడికి ఆగిపోయేడు. నీ పేరెత్తలేదు. ఎత్తలేడు కదా! నీళ్లలోంచి జుట్టట్టుకు లాగిన మనిసి, నీ జాగా ఇచ్చీమని నోటితో అడగలేక టీ గ్లాసులోకి సూసుకుంటా నిలబడ్డాడు. ఆడ్ని నానడగలేనమ్మా, ఇంటిదానివి, నీ మాట నాకు సాలు, అన్నాడు సివరాకరికి.

ఒకే రోజు రెండుసార్లు మావా. మద్దేన్నం ఆ పిల్ల, సాయంత్రం ఈ బావ. నన్నే అడగాలా ఇద్దరూ?

ఎల్తాడు బావా, ఇంకో వారం ఆగు, అనొచ్చు. ఎన్నోసార్లు అన్న మాటే కదా, నోటికి అలవాటే. నాలిక సివరిదాకా వొచ్చింది కూడా.

నాగబాబుని ఎక్కించుకో బావా, అన్నాను.

అదిగో. ఇంతసేపూ వల ఒగ్గని సెయ్యి ఆగింది నీది. ఇన్నావు కదా. అదే అన్నాను. మా ఆయన ఎల్లీవోడు, ఇంక ఎల్లడు, రేపట్నించి నాగబాబుని ఎక్కించుకో, మాకు పోగు పంపకు, అన్నాను. బావ తల మీద తువ్వాలు తీసి మొకం తుడుసుకున్నాడు. టీ డబ్బులు తనే ఇచ్చీసి ఎల్లిపోయేడు.

ఏటి? ఏటన్నావ్? రేపెల్తావా?

ఒద్దు మావా. ఆ మాట ఒద్దు. నీకు దండవెడతాను, ఆ మాట ఇంక నా సెవిన పడనీకు. రేపు నువ్వు దరికెల్తే నీ జాగాలో ఆ కుర్రోడు ఉంతాడు. నువ్వు సెయ్యేత్తే ఆడు దిగాల్సొత్తాది. దింపుతావా? దింపీసి, మళ్లీ నడుం లోతులో నిలబడతావా?

నన్నడక్కుండా సెప్పడానికి నువ్వెవర్తివే అను. అను, నాకు గావాల. తిట్టు. ఆ వల ఇసిరికొట్టు. ఊర్లో ఏటంతారో నాకు తెలీదనుకున్నావా? పెళ్లాం సేత జాగా ఒదిలించుకున్నోడు అంతారు. సారా దుకానంలో నీకెదురుగా నవ్వుతారు. నాకు తెలుసు. తెలిసే అన్నాను.

అలా సూడకు. ఆ సూపు సూడకు మావా. నాగబాబు కోసం సెయ్యలేదు. బావకి అలాగే అనిపించుంతాది, అనిపించనీ. తండ్రి కాబోయీవోడు, పాపం, జాగా ఇచ్చీసింది మా గొప్ప మనిసి అనుకోనీ. ఎల్లాజీ బావ బుజం కోసమూ కాదు. నాకంత మంచితనం లేదు.

నాను రోజూ గుమ్మంలో నిలబడి సూసీదాన్ని, నీకు తెలీదు. బోటు తోత్తన్నంతసేపూ నాకు సెవుల్లో ఊ అని గోల. నువ్వు సెయ్యి తీసీగానే, బోటు నిన్నొదిలీసి ముందుకెల్లిపోగానే, అప్పుడు ఊపిరొచ్చీది నాకు. అమ్మయ్య అనీదాన్ని. రోజూ అమ్మయ్య! నా మొగుడు నలుగురిలో సిగ్గుతో సచ్చిపోతంటే, నాను ఇక్కడ తలుపట్టుకుని సంతోసపడీదాన్ని. నువ్వు తడి లుంగీతో వొచ్చి గుమ్మంలో నిలబడితే నా మొకంలో ఆ సంతోసం కనపడిపోద్దేమోనని తోమిన గిన్నెలే మళ్లీ తోమీదాన్ని.

రోజూ నిన్ను సూసి కసిరీదాన్ని, ఇసుక్కునీదాన్ని. అన్నీ నటనే అనను, నిజంగానే ఇసుగొచ్చీది. గానీ ఎక్కడ నా ఇసుగు సూసి పౌరుసం వొచ్చి నువ్వు ఎగిరి బోటెక్కీత్తావో అని కూడా బయపడీదాన్ని. ఒక్కరోజు ఎక్కీసుంటే నా బతుకేటి?

నువ్వెక్కాలని నాకు లేదు మావా. ఎప్పుడూ లేదు. పెళ్లయినకాడ్నించీ లేదు. అడక్కూడదని నోరు మూసీసేరు గాబట్టి ఊరుకున్నాను గానీ, సివరాత్రికి ముందు కూడా నువ్వెల్లిన ప్రతిసారీ, తిరిగొచ్చీ బోటులో ముందు నీ తలకాయే ఎతికీదాన్ని. ఇప్పుడు దేవుడు ఒక్కసారి నిన్ను ఇసక మీద పడీసి నాకిచ్చేడు. మళ్లీ ఇచ్చీయమంతావా?

అందుకే తీసీసేను. నీ జాగా నానే తీసీసేను. నీ ఇష్టమొచ్చినట్టు అనుకో.

మాటాడు. ఏటోటి అను.

సరే, అనకు. నాకేటి, అలవాటే. వల కుట్టీవోలు కూడా గావాల దరిలో. బోట్లకి రంగులేసీవోలు గావాల. లేదంటే ఆ హోటల్లో తోటపనికి మగోళ్లని తీసుకుంతారంట. అదీ నచ్చకపోతే ఇంట్లో కూకో. నానెల్తాను. నాకు ఉజ్జోగం వొత్తాదో రాదో అదీ తెలీదు, రేపు ఆ మేనేజరు మొకం ఎలాగుంతాదో.

అడుగుతాడు కదా, మీ ఆయనేటి సేత్తాడని. ఏటి సెప్తాననుకున్నావ్?

గోస్ అనే సెప్తాను. ఎవ్రీ డే కూడా అంతాను. అబద్ధమని తెలుసు నాకు. ఆడెవడో, ఏ ఊరోడో, ఆడికి నీ గురించి నిజం ఎందుకు సెప్పాల? మన ఊర్లో, మన మాటలో, ఆ టీకొట్టుకాడ నిలబడి నిన్ను బోటులోంచి దింపీసేను, అది సాలదేటి నాకు? ఆ దిక్కుమాలిన ఇంగ్లీసులోనైనా రోజూ ఎల్లు మావా. అక్కడైతే నువ్వు ములిగిపోవు.